పిండి మీద గీసిన గుర్తు

అరవై ఒకటో ఏట రంగనాయకులు రొట్టె కాల్చడం నేర్చుకున్నాడు. అంతకు ముందు ఆయన పొయ్యి దగ్గరికి వెళ్లింది బీడీ ముట్టించుకోవడానికే.

విడవలూరు మండలంలో, సముద్రానికి మూడు మైళ్లు ఇవతల ఆయనకు అయిదెకరాల మాగాణి ఉంది. పెన్న కాలువ నీళ్లు పారుతాయి. నలభై ఏళ్లుగా ఆ నేలలో వరి తప్ప ఇంకో పంట వేయలేదు. ఇంట్లో తినేదీ ఆ వరే. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. పదో తరగతి తప్పిన మనిషి. చేతిలో పని మీద గురి ఎక్కువ. విత్తనం కొంటే కొట్టువాడి మాట నమ్మడు. వంద గింజలు తడి గోనెలో చుట్టిపెట్టి, ఎన్ని మొలకెత్తాయో చూశాకే నారు పోస్తాడు.

పోయిన జూన్‌లో గట్టు మీద నడుస్తుంటే సరుగుడు మోడు ఎడమ కాలి రెండో వేలిలో దిగింది. పదకొండేళ్ల షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గిపోయి ఉండటంతో ఆయనకు తెలియలేదు. ఇంటికి వచ్చాక చెప్పులో నెత్తురు చూసి భార్య ఆదిశేషమ్మ చెప్పింది. నెల తిరిగినా పుండు మానలేదు. నెల్లూరు డాక్టరు కట్టు విప్పి చూసి, షుగరు దిగితే మానుతుంది, దిగకపోతే వేలు తీసెయ్యాలి, అప్పటికీ ఆగకపోతే పాదం దాకా రావచ్చు అన్నాడు.

రంగనాయకులు తండ్రికి కాలు మోకాలి దాకా తీశారు. ఆ తర్వాత ఆయన నాలుగేళ్లు వసారాలో మంచం మీద కూర్చుని, చేలోకి పోయేవాళ్లను చూస్తూ గడిపాడు. అందుకని రంగనాయకులుకి ఆ వేలు వేలు కాదు. అది ఉంటే తను గట్టు మీద ఉంటాడు, పోతే వసారాలో ఉంటాడు. ఆయన లెక్క అంతే.

కూతురు ప్రత్యూష ముత్తుకూరులో ఉంటుంది. పోర్టుకు సంబంధించిన ఒక ఆఫీసులో ఉద్యోగం. తండ్రిని చూడటానికి వచ్చినప్పుడు ఆమె ఫోనులో ఒక ఉపన్యాసం వినిపించింది. వ్యవసాయం పుట్టకముందు మనిషి ఏం తిన్నాడో అదే తినాలి అనే పద్ధతి అది. మాంసం, చేపలు, గుడ్లు, కూరగాయలు, కొబ్బరి, బాదం తినొచ్చు. బియ్యం, గోధుమ, రాగి, జొన్న ఏవీ ముట్టకూడదు. పప్పులు కూడా వద్దు. డాక్టరును అడిగితే, అంత దూరం పోనక్కర్లేదు, అన్నం సగానికి తగ్గించినా చాలు అన్నాడు. చేస్తానంటే చేయండి గానీ ఇన్సులిను, మాత్రలు ఆపొద్దు, రోజూ షుగరు చూసుకోండి అన్నాడు. రంగనాయకులు మొత్తం మానేయడానికే నిర్ణయించుకున్నాడు. సగం కంచం దగ్గర చెయ్యి కడుక్కునే మనిషిని కానని ఆయనకు తెలుసు.

ఈ సంగతి మొదట విన్న బయటి మనిషి క్రీస్తుదాసు. విడవలూరు రోడ్డులో అతనికి గానుగ మిల్లు ఉంది. ఇద్దరూ ఒక బడిలో చదివారు. సాయంత్రాలు మిల్లు ముందు బల్ల మీద కూర్చోవడం ఇరవై ఏళ్ల అలవాటు.

"అంటే ఎవసాయం వచ్చి మనిషిని చెడగొట్టిందంటావా అన్నా?" అన్నాడు క్రీస్తుదాసు. "మరి నలభై ఏళ్లు చేసినావే, ఎంతమందిని చెడగొట్టుంటావో."

"నువ్వు నవ్వతా ఉండు. నా కాలు నేను చూసుకోవాల."

కూరలు, చేపలు ఎన్నైనా తినొచ్చు. కానీ చేపల పులుసు ఉత్తినే తాగలేం కదా. ముంచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. అక్కడ మొదలైంది రొట్టె పని. ప్రత్యూష నెల్లూరులో చిన్న కరెంటు ఓవెన్ కొనిపెట్టింది. ఏ పిండితో కాల్చాలన్నది ఆయనే తేల్చుకోవాలి.

తేల్చుకున్న తీరు విత్తనం పరీక్ష లాంటిదే. ఒక్కో పిండితో ఒక్కో రొట్టె. తినే ముందు వేలు పొడిచి షుగరు చూడటం, రెండు గంటలయ్యాక మళ్లీ చూడటం. ఎరువుల కొట్టువాళ్లిచ్చిన పాత డైరీలో రెండు అంకెలూ పక్కపక్కన రాసుకునేవాడు.

తాటి తేగలు ఎండబెట్టి విసిరిన పిండి ఇంటి దగ్గరే దొరికింది. ధాన్యం కాదు కాబట్టి పనికొస్తుందనుకున్నాడు. చేదు సంగతి అటుంచి, షుగరు రెండు వందలు దాటింది. కర్రపెండలం పిండి ఆ పద్ధతిలో నిక్షేపంగా తినొచ్చట. రొట్టె చక్కగా సాగింది, షుగరు అంతకన్నా పైకి పోయింది. అరటికాయ పిండీ అంతే. ధాన్యం కానంత మాత్రాన ప్రతిదీ తనకు పడదని ఆయనకు ఆ నెలలోనే అర్థమైంది. ఉపన్యాసం చెప్పినవాడు ఆ ముక్క చెప్పలేదు. వాకాడు వైపు ఇసక తోటల నుంచి జీడిపప్పు బద్దలు తెప్పించి మిక్సీలో వేస్తే పిండి కాలేదు, ముద్దయింది. కొంచెం కొంచెంగా ఆపి ఆపి వేయాలని తర్వాత తెలిసింది. దాని అంకె ఫరవాలేదు, కానీ చిన్న ముక్క దగ్గర ఆగాలి. బాదం పిండి అంకె బాగుంది. రొట్టె మాత్రం పట్టుకుంటే రాలిపోయేది, పులుసులో ముంచితే తియ్యటి వాసన.

మిగిలింది కొబ్బరి. క్రీస్తుదాసు మిల్లులో ఎండు కొబ్బరి నూనె ఆడాక మిగిలే చెక్కను గొడ్లకు పెట్టేవారు. దాన్ని మనిషి తినేలా చేయడానికి అతను వేరే ఏర్పాటు చేశాడు. వారానికొకసారి, తెల్లారి, వేరుశనగ పడకముందే గానుగ కడిగి, మంచి కొబ్బరి ఆడి, ఆ చెక్కను మళ్లీ మెత్తగా పట్టి ఇచ్చేవాడు. ఆ పిండి నీళ్లు తాగుతుంది. మిగతా పిండికి రెండు గుడ్లు చాలితే దీనికి అయిదు పడతాయి. కలిపిన వెంటనే కాల్చకూడదు, పది నిమిషాలు నానాలి. మూడు పాళ్లు కొబ్బరి పిండి, ఒక పాలు బాదం పిండి, గుడ్లు, ఉప్పు, చిటికెడు సోడా, పైన నిమ్మరసం, విడిపోకుండా మందుల షాపులో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు. తొమ్మిదో రొట్టెకు కుదిరింది. తినకముందు నూట పద్దెనిమిది, తిన్నాక నూట ముప్పై ఆరు. ఆ పేజీ మడతపెట్టి క్రీస్తుదాసుకు చూపించాడు.

ఆదిశేషమ్మకు ఇదేమీ నచ్చలేదు. గొడ్లకు పెట్టే చెక్క మనిషి తినడమేందని మొదట్లో అన్నది, తర్వాత అనడం మానేసింది. ఆమె తన కంచంలో అన్నం పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చోవడానికి ఇబ్బందిపడి వంటింట్లోనే తినేది. అక్టోబరు నాటికి ఆయన తొమ్మిది కిలోలు తగ్గాడు. పుండు అంచులు ఎర్రబడ్డాయి. అది మంచి గుర్తని నర్సు చెప్పింది. నవంబరులో మూడు నెలల షుగరు సగటు చూసి డాక్టరు, ఇలాగే ఇంకో మూడు నెలలు నిలబెడితే వేలు దక్కవచ్చు అన్నాడు.

డిసెంబరు మధ్య నుంచి అంకెలు మారాయి. అదే రొట్టె, అదే కొలత. తిన్నాక నూట డెబ్బై, నూట తొంభై. ఒకరోజు రెండు వందల పన్నెండు. ముందు షుగరు చూసే మిషనును అనుమానించి కొత్తది తెప్పించాడు. తర్వాత బాదం పిండి మానేశాడు. గుడ్లు మార్చాడు. ఇన్సులిను బాగా చల్లగా ఉందో లేదోనని ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూశాడు. పుండు అంచులు మళ్లీ నల్లబడసాగాయి.

ఇక్కడ ఆయన ఒక పొరపాటు చేశాడు. ఆ రోజుల్లోనే రొట్టె మెత్తగా, బాగా పొంగి వస్తోంది. అయిదు గుడ్లు పట్టే పిండికి మూడు చాలుతున్నాయి. తన చెయ్యి తిరిగిందని సంతోషపడ్డాడు. కొబ్బరి పిండి ఉన్నట్టుండి నీళ్లు తాగడం ఎందుకు మానేసిందని తనను తాను అడగలేదు. ఆ ప్రశ్న తట్టేసరికి జనవరి వచ్చింది. తట్టగానే జవాబు కూడా తనే చెప్పుకున్నాడు. కొబ్బరి ధర పెరిగింది, మిల్లులో చవక పిండి ఏదో కలుపుతున్నారు.

ఆ పొద్దున చెప్పులేసుకుని నేరుగా మిల్లుకు పోయాడు. నూనె కోసం వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. డబ్బా బల్ల మీద పెట్టి, ఇందులో ఏం కలిపినావు దాసూ అని అడిగాడు. క్రీస్తుదాసు వేళాకోళమనుకుని, ప్రేమ కలిపినా అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వుతో రంగనాయకులుకి ఒళ్లు మండింది.

"నా కాలు పోతా ఉంటే నీకు నవ్వులాటగా ఉండాదా? బియ్యప్పిండి కలిపి ఇస్తావా? ఇరవై ఏళ్లు పక్కన కూసోబెట్టుకుంటే ఏమాయె. మీ బుద్ధి మీరు పోనిచ్చుకోరు."

మీ బుద్ధి అన్నది ఒక్క క్రీస్తుదాసును అన్న మాట కాదని అక్కడున్న అందరికీ తెలుసు. క్రీస్తుదాసు ఉండే చర్చి వీధి వాళ్లు ఇద్దరు ఆ గుంపులోనే ఉన్నారు. క్రీస్తుదాసు గానుగలో ఆడుతున్న వేరుశనగ తీసేయించి, కడిగించి, కొబ్బరి పోశాడు. ఆడేదాకా, పట్టేదాకా రంగనాయకులు అక్కడే నిలబడ్డాడు. పిండి చల్లారాక క్రీస్తుదాసు ఖాళీ డబ్బా ఆయన ముందుకు తోశాడు.

"నీ చేత్తోనే పోసుకో అన్నా. మూత నువ్వే పెట్టుకో."

ఆ రోజు కాల్చిన రొట్టెకు అయిదు గుడ్లు పట్టాయి. షుగరు నూట ముప్పై తొమ్మిది. రంగనాయకులు తను అన్నది నిజమని రుజువైనట్టే అనుకున్నాడు. పట్టుబడ్డాక సరైన పిండి ఇచ్చాడు, ఇంకేముంది. ఆ ధీమా నాలుగు రోజులు నిలిచింది. అయిదో రోజు, అదే డబ్బాలో పిండికి మూడు గుడ్లే పట్టాయి. రెండు గంటలయ్యాక నూట ఎనభై ఎనిమిది.

మిల్లు నుంచి వచ్చాక ఆ డబ్బా ఇల్లు దాటలేదు.

కోత మిషన్లు రాకముందు, ధాన్యం కళ్లంలోనే కుప్పపోసి ఉండే రోజుల్లో, చీకటి పడే ముందు రైతు రాశి మీద బూడిదతో గుర్తులు పెట్టేవాడు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఎవరైనా చెయ్యి పెడితే ధాన్యం జారి గుర్తు చెదురుతుంది, తెల్లారేసరికి దొంగతనం బయటపడుతుంది. రంగనాయకులు తండ్రి గుర్తు మూడు అడ్డగీతలు, వాటి కింద సున్నా, సున్నాలో చుక్క. ఆ సాయంత్రం రంగనాయకులు డబ్బాలో పిండిని గరిటతో చదును చేశాడు. అది డబ్బా లోపలి రెండో గాడి దాకా వచ్చింది. దాని మీద వేలి కొసతో ఆ గుర్తే గీసి మూత పెట్టాడు.

రెండు రోజులు రొట్టె కాల్చకుండా ఆగి మూత తీశాడు. మూడు అడ్డగీతలు ఉన్నాయి. సున్నా ఉంది. సున్నాలో చుక్క కూడా ఉంది. పిండి మాత్రం ఆ గాడి దాటి అరంగుళం పైకి వచ్చింది.

రాశి తగ్గితే దొంగ పడ్డాడని చెప్పే గుర్తు అది. పెరిగిన రాశి గురించి ఆయన తండ్రి ఏమీ నేర్పలేదు. అయినా ఎవరని ఆలోచించవలసిన అవసరం లేకపోయింది. తండ్రి పోయాక ఆ గుర్తు తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు. కొత్త కోడలిగా కళ్లానికి అన్నం మోసుకొచ్చి, సాయంత్రం మామ గీతలు గీస్తుంటే బూడిద తట్ట పట్టుకుని నిలబడింది ఆదిశేషమ్మే.

ఆయన డబ్బా తెచ్చి వసారాలో పెట్టి ఆమెను పిలిచాడు. ఆమె చీపురు పక్కన పడేసి వచ్చి చూసింది. అబద్ధం చెప్పలేదు.

"నేనే ఏసినా. గ్లాసుడు బియ్యప్పిండి. మన బియ్యమే."

"ఎన్నాళ్ల నుంచి?"

"మా అన్న మనవరాలి పెళ్లికి పోయొచ్చినాం చూడు, ఆ మర్నాటి నుంచి. నలుగురిలో మా వదిన ఏమడిగిందో నీకు తెలవదు. మీ ఆయనకి క్యాన్సరంట గదా, మాకెందుకు చెప్పలేదు అనడిగింది. మెడ ఎముకలు బయటికొచ్చి, చొక్కా కొయ్యకి తగిలించినట్టుంటే అడగరా? అయిదెకరాలు పండించేవాడివి. రెండు మెతుకులు కడుపులో పడకుండా ఎన్నాళ్లు బతకతావు? చూస్తా ఊరుకోమంటావా?"

"నేను రోజూ ఏలు పొడుచుకుంటుంటే చూస్తానే ఉన్నావు గదా మే."

"ఏసింది అన్నమే గదా. ఇసం ఎయ్యలేదే."

"ఈ గీతలు?"

"నువ్వు గీసింది చూసినా. చెదిరితే నీకు తెలిసిపోతాది. అందుకని మళ్లీ గీసినా."

ఇంతవరకు ఆమె గొంతు తడబడలేదు. ఆయన గొంతూ పెరగలేదు. అప్పుడు రంగనాయకులు క్రీస్తుదాసు మాట తెచ్చాడు.

"ఆ పొద్దున నేను మిల్లుకి పోతా ఉండా. దాసుని అడిగేస్తానని నీతో చెప్పే లేచినా. లోపల్నుంచి చెప్పులు తెచ్చి నా కాళ్ల కాడ పెట్టింది నువ్వు. అప్పుడన్నా నోరు తెరవబళ్లా?"

ఆదిశేషమ్మ చీపురు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. బియ్యప్పిండి వేసినందుకు ఆమె ఆ తర్వాత ఎంతమంది దగ్గరైనా వాదించింది. చెప్పుల సంగతి మాత్రం ఎవరితోనూ ఎత్తలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో వేలు తీసేశారు. బియ్యప్పిండి వల్లే పోయిందా అని ప్రత్యూష డాక్టరును సూటిగా అడిగింది. రెండు నెలలు షుగరు పైన ఉండటం ఒక కారణం, కాలికి నెత్తురు సరిగ్గా పారకపోవడం ఇంకో కారణం, ఏది ఎంతో చెప్పలేనన్నాడు. మంచం మీదున్న రంగనాయకులుకి ఆ మాటలో మొదటి సగం గుర్తుంది. గుమ్మంలో నిలబడిన ఆదిశేషమ్మకు రెండో సగం గుర్తుంది.

కట్టు మీద నడవనిచ్చాక ఆయన ఆటోలో మిల్లుకు వెళ్లాడు. ఆరోజు ఉన్నంతమంది లేకపోయినా, చర్చి వీధి వాళ్లలో ఒకరు ఉండేలా చూసుకుని మరీ వెళ్లాడు. తప్పు నాది దాసూ, కలిపింది మా ఇంట్లోనే అని అందరూ వినేలా చెప్పాడు. క్రీస్తుదాసు నూనె డబ్బాకు మూత బిగిస్తూ విన్నాడు.

"కలిపినావని అన్నందుకు నాకేం లేదన్నా. కాలు పోతుందన్న బయంలో ఎవురైనా అంటారు. ఆ రెండో మాట బయంలో వచ్చింది కాదు. అది నీలో ముందు నుంచీ ఉండాది. ఇరవై ఏళ్లు నేను కనిపెట్టలేదు, అంతే."

రంగనాయకులు నిలబడే ఉన్నాడు. బల్ల ఖాళీగానే ఉంది.

"పిండి శనివారం పొద్దున వచ్చి తీసుకో. ఎప్పటిలాగే గానుగ కడిగే ఆడతా," అని క్రీస్తుదాసు లోపలికి పోయాడు. కూర్చోమనలేదు. అప్పటి నుంచి శనివారం పిండి వస్తోంది, బాగుంటోంది. బల్ల మీద ఆయన కూర్చోవడం లేదు.

ఓవెన్ ఇప్పుడు ఇంట్లో లేదు. చేలో మోటారు షెడ్డులో ఉంది. అక్కడ కరెంటు పగటిపూట తొమ్మిది గంటలే ఇస్తారు కాబట్టి రొట్టె ఆ వేళల్లోనే కాలాలి. పిండి డబ్బా, గుడ్ల అట్ట, నిమ్మకాయలు అన్నీ షెడ్డులోనే పెట్టి తాళం వేస్తున్నాడు. పొద్దున ఆటోలో వెళ్లి, మూడు వేళ్ల పక్కన బొటనవేలున్న పాదంతో గట్టు మీద జాగ్రత్తగా నడిచి షెడ్డు చేరతాడు. చుట్టూ కోతకు వచ్చిన వరి. ఇంటి నుంచి అన్నం, కూర సరే, మంచినీళ్లు కూడా రానివ్వడు. ప్రత్యూష రెండుసార్లు వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. అమ్మ నీ మంచికే చేసింది నాన్నా అంటే, నా మంచికి చేసేది నాకు చెప్పి చెయ్యాల అన్నాడు.

ఆదిశేషమ్మ మాట వేరు. పరామర్శకు వచ్చినవాళ్లకు ఆమె కాఫీ ఇచ్చి ఒకటే చెబుతుంది. "ఏలే గదా పోయింది, మనిషి మిగిలినాడు. ఆ నాలుగు మెతుకులన్నా పడబట్టి మిగిలినాడు." ఆయన వసారాలో ఉన్నా లేకపోయినా ఆ మాటే, అదే గొంతుతో. అయితే ఇంట్లో తినేది ఇప్పుడు తనొక్కతే కావడం వల్లనో ఏమో, ఆమె రాత్రిపూట వండటం మానేసింది.

రోజూ సాయంత్రం ఆయన ఆటో దిగేసరికి ఆమె గడపలో నిలబడి ఉంటుంది. ఎంతొచ్చింది అని అడుగుతుంది. మిషను, డైరీ ఆయన చొక్కా జేబులో ఉంటాయి. ఆమెకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు. పెద్దదో చిన్నదో చూస్తే చెప్పగలదు. ఆయన చూపించడు.

పోయిన మంగళవారం నూట ఇరవై ఆరు వచ్చింది. వేలు తీసిన చోటు పూర్తిగా పూడుతోందని, ఇంక పాదానికి ప్రమాదం లేదని ఆ ఉదయమే నర్సు కూడా చెప్పింది. ఆటో దిగి గేటు మూశాడు. గడప దగ్గర ఆమె అడిగింది. ఆయన కుళాయి దగ్గర కుడికాలు మాత్రం కడుక్కున్నాడు. ఎడమ కాలి కట్టు తడవకుండా పక్కకు జరిగి, ఆమెను తాకకుండా లోపలికి వెళ్లి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.